రెండువందల పన్నెండు చుక్కలు

ఒకే ఫోన్ నంబరు నుంచి రెండువందల పన్నెండు ఫిర్యాదులు!

తెర మీద ఆ అంకె చూసి ఆమెకు నవ్వొచ్చింది.

నీటి సరఫరా ఆఫీసులో ఆమె డేటా అనలిస్టు. ఊరంతటి నుంచీ వచ్చే ఫిర్యాదులన్నీ క్లౌడ్‌లోని డేటా వేర్‌హౌస్‌లో చేరతాయి. వాటిని వెతికి, వడకట్టి, పటం మీద ఎర్రచుక్కలుగా చూపించడం ఆమె పని. అందుకే ఆఫీసులో అందరికీ ఆమె చుక్కలమ్మాయి.

"రోజుకో వీధి, పూటకో ఇంటి నంబరు చెప్పాడు సార్. అన్నిచోట్లా ఒకటే పాట, నీళ్ళు వాసనొస్తున్నాయని."

"ఎవడో పనీపాటా లేనివాడు. తీసెయ్," అన్నాడు పెద్దసారు.

'ఈ నంబరు తప్ప' అని కంప్యూటరుకు ఒక్క వరుస రాసిందామె. పటంలో ఏడు వీధులు కడిగిన పలకలా అయిపోయాయి.

మర్నాడు ఆ పటాన్ని ముందు హాల్లో గోడ మీది పెద్ద తెరకు ఎక్కించారు.

వారం తిరక్కుండానే ఒక పెద్దాయన వచ్చాడు. తెర ముందు చాలాసేపు నిలబడి, ఆమె బల్ల దగ్గరకు నడిచాడు.

"ఈ ఏడు వీధుల్లో ఒక్క చుక్కా లేదేమమ్మా? నాలుగు నెలలుగా ఫోన్ చేస్తూనే ఉన్నానే!"

ఆ నంబరు ఈయనదేనని ఆమెకు అర్థమైంది.

"ఒక్కరే అన్ని ఫోన్లు చేస్తే కంప్యూటరు చెత్త అనుకుంటుంది పెద్దాయనా."

"కంప్యూటరు అనుకుందా, నువ్వనుకున్నావా తల్లీ?"

ఆమెకు చురుక్కుమంది.

"ఆ వీధుల వాళ్ళకి నోళ్ళు లేవా? వాళ్ళే చేయొచ్చుగా?"

"పొద్దున్నే పనులకి పరిగెత్తేవాళ్ళమ్మా. మీ లైను కలిసేదాకా అరగంట ఎవరు ఆగుతారు?"

"సరే, మీ అడ్రసు రాసివ్వండి. మీ కుళాయి చూడ్డానికి మనిషిని పంపిస్తాం."

"మా ఇంటికెందుకు? అక్కడికి పంపు," అంటూ తెర వైపు చెయ్యి చూపించాడు.

తిక్క మనిషి అనుకుని, రిజిస్టరు ముందుకు తోసింది. ఆయన నిదానంగా అడ్రసు రాసి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మూడు వారాలకు ఆ ఏడు వీధుల్లో కామెర్లు మొదలయ్యాయి. ఆస్పత్రిలో అరవైమంది. సగం పిల్లలే.

"నీ పటంలో అక్కడ ఏమీ లేదేమమ్మాయ్?" అన్నాడు పెద్దసారు.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. తను రాసిన ఆ ఒక్క వరుసా చెరిపేసింది.

రెండువందల పన్నెండు చుక్కలూ ఒక్కసారిగా తెర మీదికొచ్చాయి.

తేదీల వారీగా రంగులు మార్చింది. పాతవి ముదురు, కొత్తవి లేత.

చుక్కలన్నీ మురుగుకాలువ వెంబడి బారులు తీరాయి. ముదురు చుక్కలు మాత్రం ఒకే మలుపు దగ్గర గుంపుగా ఉన్నాయి.

"ఇక్కడ తవ్వించండి సార్."

మూడడుగులు తవ్వేసరికి పగిలిన పైపు బయటపడింది. మురుగంతా అందులోకే దిగుతోంది. సాయంత్రానికల్లా మార్చేశారు.

"భేష్! కుర్చీలోంచి కదలకుండా పట్టేశావు," అన్నాడు పెద్దసారు.

"పట్టుకుంది నేను కాదు సార్. మనం చెత్తన్నామే, ఆయన."

రిజిస్టరులో అడ్రసు చూసుకుని బయల్దేరింది. ఆ ఏడు వీధులూ దాటి, వంతెన దాటి, ఊరికి అవతలి కొసన ఉంది ఆ ఇల్లు.

ఒక పెద్దావిడ తలుపు తీసింది.

"ఆయన లేరమ్మా. కామెర్లు ముదిరి పోయారు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"లోపలికి రా తల్లీ. ఎవరమ్మా నువ్వు?"

"నీళ్ళ ఆఫీసు నుంచి పిన్నిగారూ. ఆయన అన్నిసార్లు చెప్పినా విననిది నేనే." మళ్ళీ తనే అడిగింది. "ఇంత దూరాన ఉండి, ఆ వీధుల బాధ ఆయనకెందుకు పట్టింది? అక్కడ మీ చుట్టాలున్నారా?"

"చుట్టాలెవరమ్మా! మా కుళాయికి ఏ లోటూ లేదు," అందావిడ. "ఆయన ఆ వీధుల్లో ఇంటింటికీ గ్యాస్ బండలు మోసేవారు. మెట్లెక్కిన దాహానికి గ్లాసుడు నీళ్ళు తాగి, వాసనొస్తే చాలు, 'ఈ ఇంట్లో పిల్లలున్నారు' అంటూ ఆ గుమ్మంలోంచే మీకు ఫోన్ చేసేవారు."