గొంగడికి అటొకటి, ఇటొకటి

పడమటి నుంచి ఒక విమానం దిగుతోంది. తూర్పు నుంచి ఇంకొకటి దిగుతోంది. ఆలేరు అవతల యుద్ధం రోజుల్లో చదును చేసిన ఆ మైదానంలో దిగడానికి ఉన్నది ఒక్కటే బాట. మంచె మీద సద్ది తింటున్న గుర్వయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు.

ఆకాశంలో వచ్చేవాళ్లకు దారి చూపే నౌకరీ అతనిది. వైర్‌లెస్ లేదు. ఉన్నవల్లా జొన్నచేను కావలికి వేసేలాంటి ఆ మంచె, ఒక ఎర్ర జెండా, ఒక పచ్చ జెండా. ఎర్రది చూపిస్తే విమానం పైకి లేవాలి, పచ్చది చూపిస్తే దిగాలి. గాలికి ఎదురుగా దిగడం రివాజు. ఆ మిట్టమధ్యాహ్నం ఆకు కూడా కదలడం లేదు. అందుకని ఎవరికి తోచిన వైపు నుంచి వాళ్లు దిగుతున్నారు.

"ఏందయ్యా, బొమ్మ లెక్క నిలవడ్డవ్? ఎర్రది లేపు!" అంది సద్ది తెచ్చిన పెండ్లాం గోపమ్మ.

"లేపితే ఇద్దరు జూస్తరు. ఇద్దరు పైకి లేస్తరు. పైన గుద్దుకుంటరు."

"అయితే పచ్చది లేపు."

"ఇద్దరు దిగుతరు. కింద గుద్దుకుంటరు."

"మరి ఏది లేపుతవ్?"

"గదే సమజయితలేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. విమానాల్లో ఉన్నవాళ్లు చస్తే ఆ పాపం తనకు చుట్టుకుంటుంది. మూడేళ్లుగా కచ్చాగా ఈడుస్తున్న నౌకరీ పక్కా అవుతుందన్న ఆశ కూడా వాళ్లతోపాటే కాలిపోతుంది. గుర్వయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు.

అప్పుడు కనబడింది, గోపమ్మ ఎండకు నెత్తిన కప్పుకొచ్చిన గొంగడి. నల్లటిది, మందమైనది, వెలుతురును కూడా చొరనివ్వనిది. దాన్ని ఒక్క గుంజు గుంజి మంచె అడ్డకర్ర మీద తెరలాగా వేలాడదీశాడు.

"నువ్వు పడమటి దిక్కు నిలవడి పచ్చది వట్టు. నేను తూర్పు దిక్కు ఎర్రది వడ్త."

"నాకేమన్న జీతమిస్తున్నరా?"

"కొట్లాట మల్ల పెట్టుకుందువు గని, పట్టు!"

పట్టింది. పడమటి విమానానికి గొంగడి ముందు పచ్చ జెండా కనబడింది, అది దిగింది. తూర్పు విమానానికి ఎర్ర జెండా కనబడింది, అది మూలుగుతూ పైకి లేచింది. ఒకటి కింద, ఒకటి పైన. రెండింటి నడుమ తాటిచెట్టంత ఎడం కూడా లేదు. మంచె ఊగిపోయింది. గోపమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది గాని జెండా దించలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది. కండ్లు తెర్వు."

"ఎంతమంది సచ్చిండ్రు?"

"ఎవ్వలు సావలే."

"మరి గంత సప్పుడేందయ్యా?"

దిగిన విమానంలోంచి విమానాల దఫ్తరులో కాగితాలు రాసే పేష్కారు కృష్ణయ్య పాకుతూ బయటికొచ్చాడు. చుట్టు తిరిగి వచ్చి దిగిన రెండో దానిలోంచి అదే దఫ్తరు పేష్కారు అంజయ్య వచ్చాడు. ఒకరినొకరు చూసుకుని కావలించుకున్నారు.

"దేవునివిరా గుర్వయ్యా! నా పెండ్లాం బొట్టు నిలవెట్టినవ్" అన్నాడు కృష్ణయ్య. కళ్లలో నీళ్లు.

"దొరా, మూడేండ్ల సంది కచ్చా నౌకరీ. జర పక్కా చేయించుండ్రి."

"నీకు గాక ఇంకెవలికి చేస్తరు? నేనే రాస్త. అవునే అంజయ్యా, నువ్వేడికెళ్లి ఊడిపడ్డవు?"

"ఓరుగల్లు నుంచి. రివాజు మరిస్తివా? హుకుం అసలు ఒక తోవన, నకలు ఇంకో తోవన పోవాలె. ఒకటి తప్పినా ఇంకోటన్న చేరాలె గద. అసలు నీ తాన, నకలు నా తాన."

"రైలున్నది గద దొరా, ఇమానమెందుకు?" అంది గోపమ్మ.

"విమానాల జాగకు కాయితం విమానంలనే పోవాలె. ఖాయిదా."

కృష్ణయ్యకు వచ్చిన పని గుర్తొచ్చింది. లిఫాఫా తీసి లక్క ముద్ర విప్పాడు. అంజయ్య కూడా తనది విప్పాడు. ఇద్దరూ మనసులో చదువుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పక్కా హుకుమేనా దొరా?" అన్నాడు గుర్వయ్య ఆశగా.

కృష్ణయ్య ఉర్దూలో ఉన్నదాన్ని తెలుగులో చదివాడు.

"ఈ మైదానానికి రెండు విమానాలు ఏనాడూ ఒకేసారి రావు గనుక జెండా నౌకరు అక్కర లేదు. రేపటి నుంచి బర్తరఫ్."