గడప అవతల నిమ్మకాయ

"మళ్ళీ పెట్టిందే ఆ ముదనష్టపుది! రా, చూడు!"

అత్తగారు లలితకుమారి అరుపుకి మధులిక పరుగెత్తుకొచ్చింది. గడప అవతల సగానికి కోసిన నిమ్మకాయ, దాని మీద ఎర్రగా పొడి. ఈ వారంలో ఇది ఐదోది.

"వాకింగ్‌కని షూస్ కూడా ఏసుకున్నా. ఇంక దీన్ని దాటేదెట్టా?"

ఈ కరోనాలో డెబ్బై దాటినవాళ్ళు ఇల్లు కదలొద్దని ఇక్కడి ప్రభుత్వం మొత్తుకుంటోంది. ఆవిడకి డెబ్బైమూడు, పైగా ఉబ్బసం. ఆ వీధిలోనే ఇద్దరు ముసలివాళ్ళు అంబులెన్సెక్కి వెళ్ళి తిరిగి రాలేదు. అయినా పోయిన వారం దాకా ఆవిడ రోజూ బయటపడి, బస్టాపులో కనబడ్డ ప్రతివాళ్ళ పక్కనా కూర్చుని వచ్చేది. కొడుకు దండం పెట్టాడు, కోడలు ఏడ్చింది, డాక్టరమ్మ ఫోన్లో కేకలేసింది. వింటేగా! నిమ్మకాయకి మాత్రం జడిసింది.

"పక్కింటి మార్తా అట్లాంటి మనిషి కాదు అత్తయ్యా."

"కాదా? వాళ్ళ ముర్సియా చుట్టూతా కాలవలూ నిమ్మతోటలేనని గొప్పలు పోలా? వాళ్ళన్న ఇక్కడి రింగాస్కిడీ రేవుకి లారీలో తెచ్చాడని మనకి సంచెడు కాయలు ఇయ్యలా? మా గూడూరు కాయ ముందు ఇయ్యెంత అన్నానని కడుపులో పెట్టుకునింది! ఆ సంచి పారేయించా గాబట్టి సరిపోయింది. అయినా ఆ స్పెయిన్‌దానికి కుంకం యాడిది?"

"కుంకుమ కాదేమో. వాళ్ళ ఊరు ఎర్ర మిరప్పొడికి కూడా పేరట."

"చూశావా మరి!"

లలితకుమారి పట్టకారుతో నిమ్మచెక్కని ఎత్తి గోడ అవతలికి విసిరింది. మరుక్షణం అది తిరిగొచ్చి కిటికీకి తగిలింది. వెనకే గోడ మీదుగా మార్తా మొహం కనబడింది, కందగడ్డలా.

"రోజూ నా పెరట్లోకి ఈ చెత్తేంటి? ఇంకొక్కసారి పడితే పోలీసులను పిలుస్తా!" అంది ఇంగ్లీషులో.

"పిలువు! దిక్కున్నచోట చెప్పుకో పో!" అంది లలితకుమారి తెలుగులో.

మార్తా మధులిక వైపు తిరిగింది. "నువ్వు కూడా ఏం మాట్లాడవా?"

కారు కొనుక్కోక ముందు రెండేళ్ళపాటు తనని రోజూ ఫ్యాక్టరీ దగ్గర దింపిన మనిషి. మధులికకి ఏడుపొచ్చింది.

"ఇంక నాతో మాట్లాడకు," అని మార్తా తలుపు ధడాలున వేసుకుంది.

"పీడా పాయె! ఇది మానిందాకా నేను గడప దాటను, అంతే," అంటూ లలితకుమారి షూస్ విప్పేసి టీవీ ముందు కూర్చుంది.

మధులిక వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

రేపటి నిమ్మకాయ కోసి, కుంకుమ అద్దింది.