నేలమాళిగలో ఊట

“ఒరే పద్మనాభం, ఈసారితో ఈ పీడ వదలాలి. ఒక్క చుక్క కూడా లోపలికి రాకూడదు!” నేలమాళిగ మెట్ల మీద నిలబడి వేంకటాచలంగారు కేకేశారు.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బకెట్‌తో తోడుతున్న కొడుకు తలెత్తకుండానే “అలాగే నాన్నా” అన్నాడు.

కవిటిలో వాన పట్టిందంటే ఇసుకనేల కింద ఊట పైకి తన్నుకొస్తుంది. బియ్యం, కొబ్బరి దాచుకునే ఆ నేలమాళిగ ఈ ఏడాది సగానికి నిండిపోయింది. పై గదుల గోడలకు కూడా చెమ్మెక్కి సున్నం పెచ్చులుగా ఊడుతోంది. ‘ఇల్లు కూలేలా ఉంది, వెంటనే బయల్దేరు’ అని వేంకటాచలంగారు తంతి కొట్టిస్తే, ఒరిస్సా అడవుల్లో సర్వే క్యాంపు గుమాస్తాగా ఉన్న పద్మనాభానికి ఆరు రోజుల సెలవు దొరికింది.

అందులో నాలుగు రోజులు నీళ్ళు తోడటంతోనే సరిపోయింది. నిండిన బకెట్లు మెట్ల మీద భార్య జానకి అందుకునేది. అందుకున్నప్పుడల్లా అతని చల్లటి వేళ్ళు ఆమె చేతికి తగిలేవి. పెళ్ళయిన రెండేళ్ళలో అతను ఇన్నాళ్ళు వరసగా ఇంట్లో ఉండటం ఇదే మొదలు.

“నన్నూ తీసుకెళ్ళకూడదూ?” మెల్లగా అడిగింది.

“మేం ఉండేది గుడారాల్లో జానకీ. ఆడవాళ్ళని రానివ్వరు.”

“పోనీ, మళ్ళీ ఎప్పుడొస్తారు?”

అతను బకెట్ మళ్ళీ ముంచాడు. “ఊరికే సెలవంటే మా ఆఫీసరు కాగితం వైపు కూడా చూడడు. ఇల్లు పడిపోతోందని తంతి వచ్చింది కనక పంపాడు.”

అయిదో రోజు నీళ్ళు తగ్గాక మేస్త్రి పైడయ్య గోడంతా తడిమి చూసి అరిచాడు. “దొరికీసింది బాబూ! ఈ తూరుపు మూల సూడండి. ఊటంతా ఈ కన్నంలోంచే వచ్చేత్తంది!”

పొద్దుగూకేలోగా బయట గోడ వెంట కాలవ తవ్వి నీటిని కొబ్బరితోటలోకి మళ్ళించారు. లోపల రాళ్ళ సందులు గీకి గానుగ సున్నం కూరారు. కన్నం ఒక్కటే మర్నాటికి మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం పద్మనాభం సోంపేట రైలుకని బయల్దేరాడు.

“ఇంక ఇంటి గురించి బెంగ పెట్టుకోకు. ఆ మూల కూడా పైడయ్య ఇవాళే మూసేస్తాడు” అంటూ వేంకటాచలంగారు సంచి అందించారు. పద్మనాభం జానకి వైపు ఒకసారి చూసి బస్సు దారి పట్టాడు. ఆమె గుమ్మం పట్టుకుని, అతను మలుపు తిరిగినా అలాగే నిలబడిపోయింది. పెరట్లో దండెం మీద అతని పంచె ఇంకా ఆరలేదు.

ఉన్నట్టుండి ఆమె కొంగు బిగించి నేలమాళిగలోకి పరుగెత్తింది.

“పైడయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఆ కన్నం మూయకు!”

తాపీ కడుక్కుంటున్న పైడయ్య తెల్లబోయాడు. “ఏటమ్మా అలాగంటారు?”

“వచ్చే వానలకి మళ్ళీ నీళ్ళు రావాలి. నీళ్ళొస్తే గానీ ఆయన రారు.”

పైడయ్య దీపం ఎత్తి చూపించాడు. తూర్పు మూల తడి సున్నం నున్నగా మెరుస్తోంది. జానకి మెట్టు మీద కూలబడి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పైడయ్య ఒకసారి పైకి చూసి, గొంతు తగ్గించాడు.

“ఏడవకండి తల్లీ, అది ఒట్టి పైపూతే. లోపల కన్నం అలాగే ఉంచీమని మీ మావగోరు పొద్దున్నే సెప్పీసినారు.”