ఎజెండాలో లేని మనిషి

"ఆ ముసలాయన్ని వెళ్ళగొట్టింది మీరే. నేనూ చెయ్యెత్తాను కాబట్టి నన్నూ కలుపుకోండి. ఏడు కంపెనీల యజమానులం, ఏడుగురికీ కలిపి ఒక్క బుర్ర లేకపోయింది."

సీట్స్కే ఉత్తరం చేత్తో పట్టుకుని, కూచోకుండానే అంది.

హార్లింగెన్ రేవు పక్క మీటింగు హాల్లో మిగతా ఆరుగురూ కాఫీ కప్పుల్లోకి చూశారు.

అధ్యక్షుడు వీబే గడియారం చూసుకున్నాడు. "ఇది ఎజెండాలో లేదు కదమ్మా. చివర్లో మాట్లాడుకుందాం."

సీట్స్కేకి ఒళ్ళు మండిపోయింది. ఇది పదకొండో సమావేశం. పదకొండిట్లోనూ ఇదే మాట.

సంగతేమిటంటే, ప్రభుత్వం ఒక దారి చూపించింది. చిన్న కంపెనీలు విడివిడిగా పరాయి దేశం వెళ్తే ఎవరూ తలుపు తియ్యరు, ఒక్క జట్టుగా రండి, ఖర్చులో సగం మేం పెట్టుకుంటాం, అక్కడి మన రాయబార కార్యాలయం మిమ్మల్ని వెంటబెట్టుకుని తిప్పుతుంది అంది. వియత్నాంలో మెకాంగ్ పక్క వరి పొలాలు ఏటేటా మునుగుతున్నాయి. సముద్రం కన్నా పల్లంలో ఉన్న దేశం కాబట్టి, నీళ్ళు తోడి పొయ్యడం ఈ ఏడుగురికీ తాతల నాటి విద్య.

సీట్స్కేది పంపుల కార్ఖానా. పద్దెనిమిది మంది పనివాళ్ళు. ఈ చుట్టుపక్కల పెట్టాల్సిన పంపులన్నీ ఎప్పుడో పెట్టేశారు. వియత్నాం పని రాకపోతే ఎండాకాలం లోపల షట్టరు దించాలి.

జట్టంటే మాటలా? ఇక్కడి పద్ధతిలో ఒక్కరు కాదంటే అందరూ ఆగాలి. కరపత్రం మీద ఎవరి పేరు ముందుండాలనేదానికి రెండు సమావేశాలు పోయాయి. నీలం రంగా, ఆకుపచ్చా అనేదానికి మూడు.

ముసలాయన మూడో సమావేశం నుంచీ వచ్చేవాడు.

పాత నీలం జాకెట్టు. గ్రీజు ఎక్కిన గోళ్ళు. బల్ల చివర కూచునేవాడు. సెన్సార్లు చేసే గెర్బెన్ మనిషేమో అనుకుంది సీట్స్కే. సీట్స్కే మనిషేమో అనుకున్నాడు గెర్బెన్. ఇంకొకరి మనిషి గురించి ఆరా తియ్యడం మర్యాద కాదు కదా! పేరడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

పైగా ఆయన రెండు బిస్కెట్లు తీసుకునేవాడు. కాఫీకి ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేసే చోట, మూతకి చెయ్యి అడ్డం పెట్టి రెండోది తీసుకుంటే ఎట్లా ఉంటుంది? అతిథికి ఒక్కటే పెట్టే అలవాటు మర్చిపోయానన్నాడు ఒకసారి. ఎవరూ నవ్వలేదు.

సమావేశం ముగిసే ముందు, ఇంకేమైనా అడిగేది ఉందా అని అధ్యక్షుడు ఒక్కొక్కరినీ అడగడం రివాజు. అందరూ కోటు అందుకుంటూ లేదనేవాళ్ళు. ఆయన మాత్రం ప్రతిసారీ ఒక్కటే అడిగేవాడు.

"అమ్మేసి వచ్చేస్తారు. పంపు చెడితే అక్కడ ఎవరు బాగుచేస్తారు?"

మొదటిసారి వీబే రాసుకున్నాడు. రెండోసారి, రాసుకున్నాం కదా అన్నాడు. ఆరోసారికి సీట్స్కేకే విసుగొచ్చింది. ఆ రోజు ఇంట్లో కూతురి పుట్టినరోజు, చుట్టాలు కుర్చీల్లో కాచుకుని ఉన్నారు.

"ముందు అమ్మనివ్వండి పెద్దాయనా, తర్వాత చెడనిద్దాం" అంది.

దానికి మాత్రం అందరూ నవ్వారు.

పదో సమావేశంలో బయటపడింది, ఆయన ఏ కంపెనీ మనిషీ కాదని. పింఛను తీసుకుంటూ, వెచ్చటి గదికీ ఊరికే వచ్చే కాఫీకీ మరిగాడని గెర్బెన్ తేల్చేశాడు. పంపించేద్దామా అని వీబే అడిగితే ఏడు చేతులూ ఒక్కసారి లేచాయి. అన్ని నెలల్లో ఏడుగురూ తగువు పడకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

ముసలాయన కోపం తెచ్చుకోలేదు. టోపీ పెట్టుకున్నాడు.

"సరే. జవాబు దొరికింది" అని సైకిలెక్కి పోయాడు.

జట్టు రాతకోతలు చూసేది సీట్స్కే. అందుకే రాయబార కార్యాలయం పంపిన ఉత్తరం ఇవాళ పొద్దున ఆవిడ చేతికే వచ్చింది.

"లేవండి" అంది ఇప్పుడు. "ఆయన పేరు దౌవె. ఇల్లు గట్టు అవతల. సైకిళ్ళ మీద పావుగంట."

చెప్పకుండా ఎట్లా వెళ్తామన్నాడు వీబే. ముందుగా రోజు ఖాయం చేసుకోనిదే తోబుట్టువు గుమ్మం కూడా తొక్కని జనం మరి. వచ్చే మంగళవారం ఆయనకి వీలవుతుందేమో కనుక్కుందామన్నాడు.

గెర్బెన్ అయితే కుర్చీలోంచి కదల్లేదు. "మన కాఫీ తాగి పోయినవాడి గుమ్మంలో ఏడుగురు యజమానులు నిలబడాలా? ఆయన ఎవరని?"

సీట్స్కే ఉత్తరం విప్పి, గొంతు పెంచకుండా చదివింది. మెకాంగ్ పక్క ఒక జిల్లా కాలవల అధికారులు రాస్తే రాయబార కార్యాలయం ఇటు పంపింది.

"'మూడు దేశాల పంపులు మా దగ్గర తుప్పు పట్టి ఉన్నాయి. ఇరవై ఏడేళ్ళుగా తిరుగుతున్నది ఒక్కటే. దాన్ని బిగించిన దౌవె గారు పదకొండేళ్ళు మా ఊళ్ళోనే ఉండి మా వాళ్ళకి పని నేర్పారు. మిమ్మల్ని నమ్మవచ్చో లేదో మీ మధ్య కూచుని చూసి చెప్పమని ఆయన్నే అడిగాం. నమ్మవద్దని రాశారు.'"

డబ్బా మూత తెరిచే ఉంది. ఎవరి చెయ్యీ అటు పోలేదు.

"క్షమాపణలు ఆయనకి అక్కర్లేదు. అడిగినదానికి జవాబు కావాలి" అంది సీట్స్కే, కోటు తొడుక్కుంటూ. "పంపు చెడితే అక్కడ ఉండి బాగుచేసేది ఎవరో పేర్లు రాయండి. మొదటి పేరు నాది. మిగతా ఆరూ గట్టు దాటేలోపు కావాలి."