అరవై మూడా, నలభై నాలుగా?

"మళ్లీ నలభై నాలుగే!" వరహాలరావు బల్ల మీద చరిచాడు. "ఇందాక అరవై మూడన్నావు. ఏటయ్యా ఇది? కంప్యూటరా, కాకిలెక్కల పుస్తకమా?"

ఆపరేటర్ భాస్కర్ సీడీని బయటికి లాగి, చొక్కా అంచుతో మూడోసారి తుడిచాడు.

పాడేరులో భూమి రికార్డుల గది అది. 2002. పైకప్పు కారి పట్టా కాగితాలన్నీ ముద్దయిపోయాయి. అంతకుముందే వాటిని స్కాన్ చేసి ఊరికో సీడీలో ఎక్కించారు కాబట్టి, ఇప్పుడు ఆ సీడీలే దిక్కు. డుంబ్రిగుడ దగ్గరి ఒక ఊరి సీడీ మాత్రం ప్రాణం తీస్తోంది. గదిలోని పాత యునిక్స్ కంప్యూటర్‌లో పెట్టి జాబితా అడిగితే ఒకసారి అరవై మూడు పట్టాలు చూపిస్తుంది. మరోసారి నలభై నాలుగు దగ్గర ఆగిపోతుంది.

ఆ ఊరి బుధు పట్టా యాభై ఒకటోది.

బుధు పోయి నాలుగేళ్లయింది. అతని కూతురు గంగ గుమ్మం పక్కన నిలబడి ఉంది. రోడ్డు పక్క మూడెకరాలు తండ్రివని ఆమె వాదన. ఆ నేల ఎవరి పట్టాలోనూ లేదని ఎదుటి పార్టీ వాదన. తేలేదాకా ఎవరూ అందులో అడుగు పెట్టకూడదని ఉత్తర్వు. రెండు తూకాలు చెప్పే సరుకుని ఎవరూ కొనరు. రెండు లెక్కలు చెప్పే సాక్ష్యాన్ని పక్క గదిలో ఈ కేసు వినే అధికారీ కొనలేదు. ఆరుసార్లు వాయిదా వేశారు.

"ఆరు వాయిదాలు! ఆరుసార్లు జీపెక్కి రావడం, ఉత్త సేతుల్తో పోవడం! రెండు వానలు పోయాయి. నీకేటి, నెల తిరిగితే జీతం."

"డిస్కు తుడిచాను సార్. మెషీన్ ఆపి మళ్లీ వేశాను. మీ వకీలు గారు అన్నట్టు, ముందు చూసిన వేరే ఊరి జాబితా మెషీన్‌లో మిగిలిపోయి ఇందులో కలుస్తోందేమో."

"అంటే నలభై నాలుగే నిజమా?"

"కావచ్చు. లేదంటే అరవై మూడే నిజమై, డిస్కుని తిప్పే డ్రైవు చదవలేక మధ్యలో వదిలేస్తోందేమో."

"ఏమో, ఏమో! ఏమోలు అమ్ముకోడానికి సంతలో కూకో, ఇక్కడెందుకు?"

"మా అయ్య పేరుంది. పొద్దున్న నేను సూసినాను," అంది గంగ.

"నువ్వు సూస్తే సాలదమ్మా. ఆపీసరు సూడాలి."

అటెండరు టీ తెచ్చాడు. వరహాలరావు ఒక గ్లాసు ఆమెకి అందించాడు.

"వద్దు, సావుకారూ."

ఆ గ్లాసు బల్ల మీద పెట్టేసి, అతను భాస్కర్ మీదకి వంగాడు. ముప్పై ఏళ్లుగా సంతల్లో చింతపండు కొన్న మనిషి.

"తక్కెడ మీద అనుమానమొస్తే మేం ఏటి సేత్తామో తెలుసా? తూకం రాయినీ సరుకునీ పళ్లాలు మారుత్తాం. తేడా సరుకుతో పాటు ఎళ్తే సరుకుది. పళ్లెంలోనే ఉండిపోతే తక్కెడది. ఆ మూలనున్న కొత్త మెషీన్ ఇంకే డిస్కూ ఎరగదు కదా? ఇది దాంట్లో పెట్టు. ఇంకో ఊరిది దీంట్లో పెట్టు."

భాస్కర్ అతని మొహంలోకి వింతగా చూశాడు. "ఆ పని చేశాక ఇక మాట మారదు సార్. అడిగింది మీరే. తర్వాత నన్ననకండి."

"ఆపీసర్ని కూడా పిలు. ఆయన కళ్ల ముందే తేలాలి. అది ఎంత సెప్తే అంతే లెక్క. ఆ పైన నోరెత్తినోడ్ని సెప్పుతో కొట్టు. బేగి కానీ!"

అధికారి వచ్చి భాస్కర్ వెనక నిలబడ్డారు.

పాత మెషీన్‌లో వేరే ఊరి డిస్కు. ఎనభై పట్టాలు. మళ్లీ అడిగితే యాభై ఎనిమిది. మళ్లీ ఎనభై.

"తేడా ఈ డ్రైవుదే సార్," అన్నాడు భాస్కర్. "డిస్కుది కాదు."

కొత్త మెషీన్‌లో గంగ ఊరి డిస్కు. అరవై మూడు. భాస్కర్ పదిసార్లు అడిగాడు. పదిసార్లూ అరవై మూడే.

యాభై ఒకటోది తెరిచాడు. మూడెకరాలు. ఉత్తరాన రోడ్డు. అడుగున బుధు వేలిముద్ర.

గంగ తెర దగ్గరకొచ్చి ఆ వేలిముద్రనే చూస్తూ ఉండిపోయింది. వరహాలరావు కుర్చీలో కూలబడ్డాడు. 

అధికారి అక్కడే ఉత్తర్వు చెప్పి టైపు చేయించారు. మూడెకరాలూ బుధు వారసురాలివి. ఎదుటి పార్టీ కేసుకి ముందే అందులో కట్టిన చింతపండు గోదాము ముప్పై రోజుల్లో తీసేయాలి.

గంగ తన పేరు దగ్గర అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం చేసింది.

దాని కింద 'ఎదుటి పార్టీ' అని టైపు చేసిన చోట వరహాలరావు సంతకం పెట్టాడు.