పొయ్యి కాడ జర జాగా

"ఏయ్, జరుగు! సావనీకి నా బండే దొరికిందా నీకు?"

పరశురాములు బ్రేకు బిగించి, ఇంజిన్‌లోంచి సగం బయటికి వంగి అరిచాడు. పట్టాల మధ్య వానలో తడుస్తూ నిలబడ్డ సాలమ్మ అంగుళం కదల్లేదు. ఆమె చేతుల్లో ఒక గొర్రెపిల్ల వేలాడుతోంది. వెనకే తల్లిగొర్రె, ఆ వెనక మంద, మంద దగ్గర గొంగడి కప్పుకున్న ఆమె మొగుడు లింగయ్య.

"సచ్చేది నేను గాదన్నా, ఇది. ఇప్పుడే పుట్టింది. వానకు కొయ్యబారింది. నీ పొయ్యి కాడ జర జాగియ్యి."

చౌటుప్పల్ అవతల ప్లాట్లు అమ్మే వెంచర్‌లో, కొనేవాళ్లను ఊరించడానికి వేసిన నారోగేజీ రైలు అది. ఎక్కడో చక్కెర ఫ్యాక్టరీలో మూలనపడ్డ ఆవిరి ఇంజిన్‌ను తెచ్చి, రంగులేసి, బొమ్మల్లాంటి పెట్టెలు తగిలించారు. గేటు దగ్గర బయలుదేరి చెరువు దాకా పోతుంది, అదే దారిన తిరిగొస్తుంది. ఇంజిన్‌లోకి పురుగును కూడా ఎక్కించొద్దని ఓనరు విజేందర్ ఆజ్ఞ. పరశురాములు ఆయన కంటే రెండాకులు ఎక్కువే చదివాడు. సెల్ఫీ కోసం ఎక్కిన ఓనరు బామ్మర్దినే చెయ్యి పట్టుకుని దింపేసిన ఘనుడు.

"ఇది ఇంజినమ్మా, దవాఖాన గాదు. దిగు పక్కకు."

సాలమ్మ గొర్రెపిల్లను కాస్త పైకెత్తి చూపించింది. మెడ వాలిపోయింది. నాలుక చివర తెల్లగా బయటికొచ్చింది. పరశురాములు కోపం అక్కడికక్కడే నీరుగారిపోయింది.

"ఎక్కు, ఎక్కు. ఏది ముట్టకు. మూలకు నిలబడు."

రైలు కదిలింది. తల్లిగొర్రె అరుస్తూ కొంతదూరం పక్కనే పరుగెత్తి వెనకబడింది. లోపల బొగ్గు వేసే వెంకటేష్ పొయ్యి మూత తెరిచాడు. సాలమ్మ పిల్లను మంటకు చూపింది.

"ఒక దిక్కు కాలుతాంది, ఒక దిక్కు సల్లగనే ఉన్నదన్నా. మనిషి పెయ్యి వెచ్చదనం గావాలె. నా బట్టలు సూస్తే పిండుకునేటట్టున్నయ్."

పరశురాములు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత ఖాకీ అంగి గుండీలు విప్పి, జిగటజిగటగా ఉన్న పిల్లను పొట్టకు ఆనించి మళ్లీ గుండీలు పెట్టేశాడు. ఒళ్లు ఝల్లుమంది. ఒక చేత్తో బండి నడుపుతూ, రెండో చేత్తో కడుపులో ఉన్న బిడ్డను నిమిరినట్టు అంగి మీద నిమురుతూనే ఉన్నాడు. వెంకటేష్ నవ్వాపుకోలేక బొగ్గు కింద పోసుకున్నాడు.

చెరువు దగ్గర ఆగేసరికి లోపల ఏదో తన్నింది.

"తన్నిందే! చెల్లె, తన్నింది!"

సంబరం పట్టలేక పిల్లను బయటికి తీశాడు. ఇంజిన్ తుడిచే నూనెగుడ్డ అందుకుని తల నుంచి తోక దాకా బరబరా రుద్దాడు. సాలమ్మ ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. ఆలోగానే పిల్ల మొదటిసారి సన్నగా 'మే' అంది. ఆమె చెప్పబోయింది మింగేసి కళ్లొత్తుకుంది.

తిరుగుదారిలో మంద దగ్గర బండి ఆపితే, లింగయ్య తల్లిగొర్రెను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సాలమ్మ పిల్లను దించింది. అది నాలుగు కాళ్ల మీద ఊగుతూ నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంది. తల్లి వాసన చూసింది. బుస్సుమని తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల బురదలో పడింది. లేచి మళ్లీ వెళ్లింది. మళ్లీ కుమ్మింది.

"ఏమైంది దీనికి?" పరశురాములు ఇంజిన్‌లోంచి వంగి అడిగాడు.

"వాసన అన్నా. పుట్టిన వాసన తుడుసుకపోయింది. నూనె వాసన గొడుతాంది. గిది నా పిల్ల గాదంటాంది."

"పట్టుకోని తాపుదాం."

"ఎన్నిసార్లని పట్టుకుంటం? ఒప్పుకోకపోతే తొక్కి సంపుతది. తల్లి ముర్రుపాలు లేకుంటె మాత్రం ఎట్ల దక్కుతది?"

బతికించిన చేత్తోనే చంపానా అనిపించి పరశురాములుకు ఏడుపు తన్నుకొచ్చింది. పెట్టెల్లో జనం ఈలలేస్తున్నా వినిపించుకోకుండా కిందికి దిగి, బురదలోంచి పిల్లను లేవనెత్తబోయాడు.

లింగయ్య చేతిలోంచి తల్లిగొర్రె విదిలించుకుంది. నేరుగా పరశురాములు మీదికొచ్చింది. తననూ కుమ్ముతుందని ఆయన కళ్లు మూసుకున్నాడు. అది కుమ్మలేదు. ఆయన పొట్ట మీద ముట్టె ఆనించి, గొంతులోనే గురగురమని పిలుస్తూ, ఖాకీ అంగిని ఆబగా నాకడం మొదలుపెట్టింది.

జనం ఘొల్లుమన్నారు. పరశురాములు మాత్రం కదిలితే ఎక్కడ మానేస్తుందోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. సాలమ్మ మొహం ఒక్కసారిగా వెలిగింది.

"అన్నా, దాని పిల్ల వాసన నీ అంగికున్నది!"

బండి గేటు దగ్గరికి చేరేసరికి బాగా ఆలస్యమైంది. గొడుగు కింద విజేందర్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పరశురాములు లింగయ్య గొంగడిని ఒంటికి చుట్టుకుని, తల వంచుకుని ఇంజిన్ దిగాడు.

"ఆలస్యం సంగతి తర్వాత. మొన్న ఇచ్చిన కొత్త అంగి ఏదయ్యా?"

"గొర్రెపిల్ల తొడుక్కున్నది సార్, తల్లి కాడ పాలు తాగుతాంది."