జత ఓటు

"ఓటేస్తారా, వెయ్యరా? ఒక్క ముక్కలో చెప్పండి పెద్దాయనా!"

శాసనసభ వెనకాల కోట్లు తగిలించుకునే గదిలో ట్రెంట్ రాస్‌మసన్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. అధికార పక్ష నాయకుడు. వయసులో ఆర్లెన్ టోర్గర్సన్ కొడుకు కన్నా చిన్నవాడే గానీ, గొంతు మాత్రం పోలీసుది.

"ఎన్నిసార్లు చెప్పాలి అబ్బాయ్? మావిస్‌తో జత కట్టాను. ఆవిడ రాలేదు కాబట్టి నేనూ వెయ్యను."

"జత కట్టిననాడు మనకు ఓట్లు మిగులు. ఇవాళ ఒక్కటంటే ఒక్కటి తక్కువ. అసలీ బిల్లు ఎవరిది? మీదే కదా! మీ బిల్లును మీరే చంపుకుంటారా?"

ఆ మాట నిజమే. పశువుల మేత భూముల మీద పన్ను తగ్గించే బిల్లు అది. ఆర్లెన్ మొట్టమొదట జనం ముందు నిలబడి ఓట్లడిగింది దాని కోసమే. నెగ్గిన ప్రతిసారీ సభలో పెట్టాడు, పెట్టిన ప్రతిసారీ ఓడాడు. ఈలోగా పన్ను కట్టలేక ఇరుగుపొరుగు వాళ్ళు తాతల నాటి భూములు అమ్ముకుని పోతుంటే కళ్ళప్పగించి చూశాడు. ఇన్నేళ్ళకు గెలుపు చేతికందింది. సరిగ్గా అప్పుడే అవతలి పార్టీ మావిస్ కెహో గుండెనొప్పితో ఆసుపత్రి పాలైంది.

ఆ బిల్లును ఏటేటా చీల్చి చెండాడిన మనిషే ఆవిడ. మంచం మీద కూడా ఆవిడ దిగులు ప్రాణం గురించి కాదు, తన 'వద్దు' ఓటు వృథా అవుతుందని. ఆర్లెన్‌కు మనసాగలేదు. "నువ్వు వెయ్యకపోతే నేనూ వెయ్యను. చెల్లుకు చెల్లు" అని చెయ్యి కలిపాడు. ఈ సభలో అది పాత ఆచారం. రాతకోతలు ఉండవు. మాట తప్పినవాడితో ఆ తర్వాత ఎవరూ కలిసి కాఫీ కూడా తాగరు. ఆ మర్నాటికే సొంత పార్టీలో పట్నం సభ్యులు కొందరు ప్లేటు ఫిరాయించారు. పాపం, ఆయనేం కలగన్నాడా?

"పైన గ్యాలరీలో మీ జిల్లా రైతులు కూర్చున్నారు. చూశారా?" అన్నాడు ట్రెంట్.

"చూశాను." చూశాడు కాబట్టే ఇందాకట్నుంచీ తల ఎత్తడం లేదు.

"వచ్చే ఎన్నికల్లో మన పార్టీ మనిషినే మీ మీద నిలబెడతాను. బెదిరిస్తున్నాననే అనుకోండి."

"అలాగే నిలబెట్టుకో."

ట్రెంట్ స్వరం తగ్గించాడు. "ఇంతకీ ఆవిడకెలా ఉంది?"

ఆర్లెన్ నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "నిన్న సాయంత్రం చూసొచ్చాను. నన్ను చూడగానే 'వచ్చావా, పన్నెగ్గొట్టే దొంగా' అని నవ్వింది. లేచి వస్తుంటే చెయ్యి వదల్లేదు. 'నా ఓటు నీ దగ్గర పదిలమే కదా' అంది. పదిలమే అన్నాను."

"ఊపిరి ఉన్నంతవరకే లెండి. ఆవిడ పోతే జత చెల్లదు. అదీ ఆచారమే."

"తెలుసు."

"అందుకే ఆసుపత్రికి ఒక మనిషిని పంపించాను. ఫోన్ చేస్తే వాళ్ళు ఏమీ చెప్పడం లేదు."

ఆర్లెన్ పక్కనున్న కోటును గుప్పిట బిగించి పట్టుకున్నాడు. "ఛీ! ఆడమనిషి చావు కోసం కాపలా పెట్టావట్రా? నీకు సిగ్గు లేదూ?"

"మీ బిల్లు కోసమే పెద్దాయనా!"

గంట మోగింది. ఆర్లెన్ వెళ్ళి తన సీటులో కూలబడ్డాడు. పక్కన మావిస్ పార్టీ వరసలో ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది.

ట్రెంట్ తన మనిషి వచ్చేదాకా కాలం గడపాలనుకున్నాడు. ఒకరి తర్వాత ఒకర్ని లేపాడు. ఒకాయన వర్షాల గురించి చెప్పాడు, ఇంకొకాయన వాళ్ళ మామయ్య గిత్తల గురించి చెప్పాడు. ఆర్లెన్‌కు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఉలిక్కిపడి అటు చూశాడు. ఒకసారి మంచు దులుపుకుంటూ ఎవడో లోపలికొచ్చాడు. అయిపోయింది అనుకున్నాడు ఆర్లెన్. వాడు నేరుగా వెళ్ళి రేడియేటర్ దగ్గర చేతులు కాచుకున్నాడు. కుర్రతనంలో ఎద్దు గోడకేసి అదిమినప్పుడు కూడా ఆయనకు ఇంత భయం వెయ్యలేదు.

ఇక తట్టుకోలేక లేచి నిలబడ్డాడు.

"స్పీకర్ గారూ! చర్చ చాలు. వెంటనే ఓటింగ్ పెట్టమని కోరుతున్నాను."

సభలో గోల లేచింది. "ముసలాయనకు మతి పోయిందా ఏమిటి!" అన్నారెవరో. ట్రెంట్ చేతులూపుతూ పరుగెత్తుకొచ్చాడు. "కూర్చోండి! ఇంకొక్క పావుగంట ఆగలేరా?"

"ఆగలేను" అన్నాడు ఆర్లెన్.

బిల్లు పెట్టిన మనిషే అడిగాడు. అవతలి పార్టీ ఊరుకుంటుందా? ఎగిరి గంతేసి బలపరిచింది. బోర్డు మీద పేర్ల పక్కన పచ్చ దీపాలు, ఎర్ర దీపాలు వెలిగాయి. ఆర్లెన్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లెక్క సరిసమానం. సమానమైతే బిల్లు పోయినట్టే. స్పీకర్ సుత్తి కొట్టాడు.

"ద్రోహీ!" గ్యాలరీలోంచి అరుపు. ఆ గొంతు ఆర్లెన్‌కు బాగా తెలుసు. పక్క పొలం వాడు. పోయిన శీతాకాలం ఇద్దరూ కలిసి ఒకే ఆవుకు పురుడు పోశారు.

"మీ పని అయిపోయింది పెద్దాయనా. ఇక ఇంటికెళ్ళి గొడ్లు కాసుకోండి" అన్నాడు ట్రెంట్.

ఆర్లెన్ వరండాలోకి నడిచి, అటూ ఇటూ చూసి, ఫోన్ తీశాడు. అవతల మావిస్ భర్త డెనిస్ పలికాడు.

"ఏమైంది ఆర్లెన్?"

"ఓడిపోయాను." గోడకు చేరగిలబడి, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

"తెల్లవారుజామున మావిస్ పోయిందని ఇక అందరికీ చెప్పుకో, డెనిస్."